మన్రో దొర నివేదిక

పెనుకొండ నుండి హిందూపురమునకు పోవు మార్గమున సోమందేపల్లి యను గ్రామము కలదు. దానికి ఉత్తరమున, ఒకప్పుడు విజయనగర రాజులకు రాజధానియైన పెనుకొండ దుర్గము నిలిచియున్నది. చుట్టును రాతి గుట్టలు. వాని నడుమ ఎఱ్ఱని మెట్టపొలములు. ఈ సీమలో వాన తక్కువ. కురిసెడి ఆ కొంచెము వానయు నమ్మదగినది కాదు. ఒక యేడు చెఱువులు నిండి అలుగులు పాఱును. మఱుసటి యేడు చెఱువు గర్భమున పశువులు మేయును. ఇట్టి భూమిని నమ్ముకొని బ్రతుకు రైతునకు పంట పండుట ఎంత ముఖ్యమో, పండిన పంటలో తన యింటికి మిగులునది ఎంత యనునదియు అంత ముఖ్యము.

రెండు వందల యేండ్లకు పూర్వము ఈ ప్రాంతపు రైతు పండించిన దానిలో సగమునకు దగ్గఱగా పన్ను క్రింద పోవుచుండెను. ఆ పన్ను తగ్గవలెనని ఒక కలెక్టరు ప్రభుత్వమునకు నివేదిక వ్రాసెను. ఇందలి విశేషమేమనగా, ఆ పన్నును పొలము పొలమునకు నిర్ణయించినవాడును అతడే. అతని మాట మొదట చెల్లలేదు. పదుమూడేండ్లు గడచిన పిమ్మట చెల్లెను. ఆ కలెక్టరు పేరు థామస్ మన్రో. మన పెద్దలు అతనిని మన్రో దొర యనియు, మండ్రోలయ్య యనియు పిలిచెడివారు.

మన్రో 1761వ సంవత్సరము మే నెల 27వ తేదీన స్కాట్లండు దేశమునందలి గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అలెగ్జాండరు మన్రో అమెరికాతో పొగాకు వ్యాపారము చేయు వర్తకుడు. బాల్యమున తట్టు సోకి మన్రోకు వినికిడి కొంత తగ్గెను. అయినను చదువున వెనుకబడలేదు. గ్లాస్గో విశ్వవిద్యాలయమున గణితమునందును రసాయన శాస్త్రమునందును మంచి ప్రవేశము సంపాదించెను. స్పెయిను దేశపు ప్రసిద్ధ కథయగు డాన్ క్విక్సోటును మూలములోనే చదువవలెనను కోరికతో స్పానిషు భాష నేర్చుకొనెనని చెప్పుదురు. ఏ విషయమునైనను దాని మూలమునకు పోయి తెలిసికొనవలెనను ఈ గుణము అతనిని జీవితాంతము విడువలేదు.

అమెరికా వాసులు స్వాతంత్ర్యమునకై యుద్ధము ప్రారంభించుటతో తండ్రి వ్యాపారము కూలిపోయెను. కుటుంబము ధనహీనమయ్యెను. కుమారుడు దూరదేశమునకు పోయి పొట్ట పోసికొనక తప్పలేదు. మన్రో ఈస్టిండియా కంపెనీ సైన్యమున కేడెట్టుగా చేరి, 1780వ సంవత్సరము జనవరిలో చెన్నపట్టణమున దిగెను. ఆ సంవత్సరమే హైదరాలీతో యుద్ధము వచ్చెను. పందొమ్మిదేండ్ల యువకుడు డేరాలలోను యుద్ధభూములలోను కాలము గడపెను. జీతము స్వల్పము. ఆ స్వల్పములోనే కొంత మిగిల్చి తలిదండ్రులకు పంపుచుండెను. తీరిక దొరికినప్పుడు హిందూస్థానీ, పారసీ భాషలు నేర్చుకొనెను.

1792లో మైసూరు యుద్ధము ముగిసిన పిదప, సేలము ప్రాంతమునందలి బారామహలు కంపెనీ వశమయ్యెను. దానిని చక్కబెట్టుటకు నియమింపబడిన కెప్టెను అలెగ్జాండరు రీడునకు మన్రో సహాయకుడయ్యెను. అక్కడ ఏడేండ్లు పనిచేసి, రైతు బ్రతుకును దగ్గఱనుండి చూచెను. దున్నువానికిని ప్రభుత్వమునకును నడుమ మఱియొకడు లేకుండ, రైతుతోనే నేరుగా పన్ను మాటలాడుకొను పద్ధతి అక్కడ రూపు దాల్చెను. దీనికే రైత్వారీ పద్ధతి యని పేరు. దానికి ఆద్యుడు రీడు. దానిని పెంచి నిలబెట్టినవాడు మన్రో.

ఇక మన సీమ సంగతి. 1792లోను 1799లోను మైసూరు రాజ్యము నుండి వచ్చిన బళ్లారి, అనంతపురము, కడప మొదలగు ప్రాంతములను హైదరాబాదు నిజాము 1800వ సంవత్సరమున కంపెనీకి ఇచ్చివేసెను. తన రాజ్యములో కంపెనీ నిలుపు సైన్యమునకు ఖర్చు క్రింద ఇచ్చిన భూములివి. అందుచేత వీనికి దత్తమండలములను పేరు వచ్చెను. 1928లో నంద్యాలలో జరిగిన సభలో ఆ పేరు తొలగి, రాయలసీమ యను పేరు స్థిరపడెను. పెనుకొండ, హిందూపురము, ధర్మవరము ప్రాంతములన్నియు ఈ దత్తమండలములలోనివే.

1800లో మన్రో ఈ మండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చెను. అతని చేతి క్రింద నలుగురు సహాయ కలెక్టర్లుండిరి. మన్రో అనంతపురమున నివాసమేర్పఱచుకొనెను. కాని అతని కాలములో ఎక్కువ భాగము గుడారములలోనే గడచెను. అప్పటి దేశస్థితి దయనీయముగా నుండెను. పలుమాఱులు సైన్యములు త్రొక్కిన నేల, తెగిన చెఱువు కట్టలు, పాడుపడిన పల్లెలు. సుమారు 80 మంది పాళెగాండ్రు తమ తమ కోటలలో నుండి ఎవరి యిష్టము వచ్చినట్లు వారు రైతుల వద్ద వసూళ్లు చేయుచుండిరి. మన్రో కొందఱిని భరణమిచ్చి తొలగించెను; కొందఱిని బలప్రయోగముచేత అణచెను. పిదప ఊరూర తిరిగి, రైతులను, రెడ్లను, కరణములను పిలిచి, ఏ పొలము ఎవరిది, అందేమి పండును, ఇదివఱకు ఏమి కట్టుచుండిరి యని విచారించెను.

1802లో భూముల కొలత ప్రారంభమయ్యెను. కొలుచువారందఱకు 33 అడుగుల పొడవు గల గొలుసు నియమింపబడెను. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు గల చదరము గుంట. అట్టి 40 గుంటలు ఒక ఎకరము. ఈ గుంట లెక్క నేటికిని మన రైతుల నోట వినబడుచున్నది. కొలుచువారి వెనుక మఱికొందఱు వచ్చి, నేల రకమును, నీటి వసతిని చూచి పన్ను నిర్ణయించిరి. అప్పటికి దక్షిణ దేశమున ఇంత విశాల భూభాగమున పొలము పొలమును ఇట్లు కొలిచిన పని అపూర్వమనవచ్చును. ఏటికి సుమారు 10 లక్షల వరహాలుగా నుండిన భూమి పన్ను, ఏడేండ్లలో సుమారు 15 లక్షల వరహాలకు పెరిగెను. కంపెనీ అధికారులు సంతోషించిరి.

కాని మన్రో మనస్సున సంతోషము నిండుగా లేదు. నడుమ 1803, 1804 సంవత్సరములలో వానలు తప్పి రైతులు కష్టముల పాలైరి. పన్ను హెచ్చుగా నున్నదని అతడు ఎఱుగును. సర్కారునకు వచ్చునది పంటలో నూటికి 45 వంతుల వఱకు నున్నదని అతని లెక్కలే చెప్పుచుండెను. కంపెనీకి యుద్ధముల వలన ధనము కావలసియుండెను. రాబడిని తన యిష్టప్రకారము తగ్గించుటకు కలెక్టరునకు అధికారము లేదు. అతని చేతిలో నున్నవి రెండే: తాను సేకరించిన లెక్కలు, తన కలము. 1807వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన, దత్తమండలములను విడిచి స్వదేశమునకు పోవుటకు కొలది కాలము ముందు, అతడు ప్రభుత్వమునకు దీర్ఘమైన నివేదిక వ్రాసెను.

ఆ నివేదిక నడచిన తీరు గమనింపదగియున్నది. అందు రైతుల కష్టమును గూర్చిన విలాపము లేదు. అధికారులను నిందించుట లేదు. రైతులతో నేరుగా జరుపు పద్ధతిని, పెద్ద జమీందారులకు భూములప్పగించు పద్ధతిని ఎదురెదురుగా నుంచి, వాని మేలు కీళ్లను బేరీజు వేసెను. ఈ దేశమున భూమి చిన్న చిన్న రైతుల చేతులలో నుండుటయే చిరకాలపు ఆచారమనియు, క్రొత్తగా పెద్ద యజమానులను సృష్టించుట అసహజమనియు వాదించెను.

పిదప తాను కోరు మార్పును తేటగా తెలిపెను. ఇప్పుడున్న పన్నులో నాలుగవ వంతు తగ్గింపవలెను. బావులు త్రవ్వుకొని కపిలలతో నీరు తోడుకొను భూములకును, రైతులు తమ ఖర్చుతో బాగుచేసికొను చిన్న చెఱువుల క్రింది భూములకును మఱి నూటికి 8 వంతులు తగ్గింపవలెను. ప్రతి రైతునకు, ఏడాది చివర, తనకు వలసినంత భూమిని ఉంచుకొనుటకు, వలదన్నదానిని విడుచుటకు, క్రొత్త భూమిని తీసికొనుటకు స్వేచ్ఛ యుండవలెను. పన్ను చెల్లించినంత కాలము ఆ భూమి అతనిదే. అమ్ముకొనుటకును కౌలునకు ఇచ్చుకొనుటకును అతనికి హక్కుండును.

బాలబాలికలారా! ఈ నాలుగవ వంతు అనగా ఎంతయో లెక్క వేసి చూడుడు. ఒక పొలమున 100 తూముల ధాన్యము పండినదనుకొనుడు. పన్ను విలువ 45 తూములు. మిగిలిన 55 తూములలోనే విత్తనము, ఎద్దుల మేత, కూలి, ఇంటిల్లిపాది తిండి, బట్ట అన్నియు గడవవలెను. 45లో నాలుగవ వంతు 11 తూముల పాతిక. అది తగ్గినచో పన్ను 33 తూముల ముప్పాతికయగును. అనగా పంటలో ఇంచుమించు మూడవ వంతు. పదునొకండు తూములు స్వల్పముగా కనిపించవచ్చును. కాని కఱవు ఏట విత్తనపు గింజలను తినక నిలుపుకొనుటకు, ముసలి యెద్దు స్థానమున క్రొత్త యెద్దును కొనుటకు ఆ కొలదియే ఆధారము. సర్కారు భాగము మూడవ వంతు దాటకున్నచో, ఇదివఱకు సేద్యము చేయనివాడు కూడ భూమిని చేపట్టుటకు సాహసించునని మన్రో తలంచెను.

చదువువారి మనస్సున కలుగు సందేహములను కూడ అతడు విడిచిపెట్టలేదు. ఇంత తగ్గించినచో ఖజానాకు నష్టము కాదా యని ప్రభుత్వము అడుగును. మొదట నష్టము కలుగునని అతడు దాచలేదు. కాని ఈ సీమలో బీడు భూమి విస్తారము, దున్నువారు తక్కువ. పన్ను తేలికయైనచో బీడులు సాగులోనికి వచ్చును. రాబడి క్రమముగా కూడుకొనును. వేలాది రైతులతో వేఱువేఱుగా లెక్కలు చూచుట కలెక్టరునకు సాధ్యమా యని మఱియొకరు అడుగుదురు. ఊరి కరణము పొలముల లెక్కలను తరతరములుగా వ్రాయుచునే యున్నాడు; భూముల కొలతయు ముగిసినది. కావున ఆ పని అసాధ్యము కాదని సమాధానము.

ఆ నివేదికలో కఠినమైన మాటలును కలవు. సామాన్యముగా పంట తప్పినంత మాత్రమున పన్ను మాఫీ చేయరాదనియు, కట్టలేనివాని బాకీని, పదవ వంతునకు మించకుండ, ఆ యూరి తక్కిన రైతులు భరింపవలెననియు అందున్నది. మన్రో రైతుల యెడ సానుభూతి గలవాడే కాని, కంపెనీ కొలువులోని యధికారి. ఈ రెండును అతని వ్రాతలో ప్రక్కప్రక్కనే కనిపించును.

అట్లు వ్రాసి, మన్రో 1807లో ఓడ యెక్కెను. రైత్వారీ పద్ధతిని మెచ్చిన గవర్నరు విలియం బెంటింకు ప్రభువు వేలూరు సిపాయిల తిరుగుబాటునకు బాధ్యుడుగా ఎంచబడి, ఆ సంవత్సరమే పదవి కోల్పోయెను. చెన్నపట్టణపు అధికారులు మన్రో సలహాను అంగీకరింపలేదు. పన్ను తగ్గలేదు. అంతేకాక రైత్వారీ పద్ధతినే తీసివేసి, ఊళ్లను గుత్తకు ఇచ్చిరి. 1808లో మూడేండ్ల గుత్త. అది ముగిసిన పిదప పదేండ్ల గుత్త. ఊరికొక గుత్తదారుడు మొత్తము సొమ్మునకు పూచీపడి, రైతుల వద్ద తాను వసూలు చేసికొనును. పని తేలికయని అధికారులు భావించిరి. హెచ్చు పన్ను హెచ్చుగానే యుండగా, దానిపై గుత్తదారులు పోటీపడి పాడిరి. ఫలితము ఊహింపవచ్చును. వానలు తప్పిన యేడు గుత్తదారులు సొమ్ము కట్టలేక చితికిపోయిరి. వారి వెనుక రైతులును చితికిరి. సాగు భూములు బీడులయ్యెను.

మన్రో లండనులో ఊరకుండలేదు. కంపెనీ వ్యవహారములను విచారించు పార్లమెంటు సంఘము ఎదుట సాక్ష్యమిచ్చెను. 1812లో వెలువడిన ఐదవ నివేదిక యను ప్రసిద్ధ గ్రంథమున దత్తమండలముల భూమి విషయము వివరముగా చర్చింపబడెను. చదివినవారికి మన్రో లెక్కలలోని బలము తెలిసెను. ఆ సంవత్సరమే కంపెనీ డైరెక్టర్లు రైత్వారీ పద్ధతికి మొగ్గు చూపి చెన్నపట్టణమునకు ఉత్తరువు పంపిరి. 1814లో మన్రో న్యాయస్థానముల సంస్కరణకై ఏర్పడిన సంఘమునకు అధ్యక్షుడై మఱల మన దేశమునకు వచ్చెను. 1816లో వెలువడిన చట్టములు గ్రామ పెద్దలకును పంచాయతీలకును చిన్న తగవులు తీర్చు అధికారమిచ్చెను.

1820వ సంవత్సరము జూన్ నెలలో మన్రో చెన్నపట్టణమునకు గవర్నరయ్యెను. పదుమూడేండ్ల క్రిందట తాను వ్రాసి పంపిన కాగితము ఇప్పుడు తన యెదుటికే వచ్చెను. దత్తమండలములలో మెట్ట, మాగాణి భూములపై నాలుగవ వంతును, తోట భూములపై మూడవ వంతును పన్ను తగ్గించుటకు ఆ సంవత్సరముననే ఉత్తరువులయ్యెను. రైత్వారీ పద్ధతి మఱల వచ్చెను. అధికారము చేతికి వచ్చినప్పుడు పూర్వపు మాటను మఱచువారు లోకమున పెక్కుమంది. మన్రో మఱవలేదు.

గవర్నరుగా నుండిన కాలమున విద్యా విషయమునందును అతడు ఈ మార్గమునే అనుసరించెను. 1822లో ప్రతి జిల్లా కలెక్టరును పాఠశాలల లెక్క పంపుమని కోరెను. రాజధాని యంతట 12,498 పాఠశాలలున్నట్లు తేలెను. అనగా సుమారు వెయ్యి మంది జనమునకు ఒక పాఠశాల. ఈ లెక్కలు చేతికి వచ్చిన తరువాతనే, 1826లో, జిల్లాలలోను తాలూకాలలోను పాఠశాలలు నెలకొల్పుటకును, ఉపాధ్యాయులను చెన్నపట్టణమున తయారు చేయుటకును ఒక ప్రణాళిక వ్రాసెను. ముందు లెక్క, పిదప సలహా: ఇది అతని పద్ధతి.

1827లో పదవి విరమించి స్వదేశమునకు పోవలసియుండగా, తాను యౌవనమున పనిచేసిన దత్తమండలములను చివరిసారి చూడగోరి బయలుదేరెను. అప్పుడు ఆ ప్రాంతమున కలరా వ్యాపించియుండెను. పరివారములో కొందఱకు ఆ జబ్బు సోకెను. పత్తికొండ మజిలీలో మన్రోకును సోకి, జూలై 6వ తేదీన అతడు ప్రాణములు విడిచెను. దేహమును గుత్తిలో ఖననము చేసిరి. 1831లో దానిని చెన్నపట్టణపు కోటలోని సెయింట్ మేరీ దేవాలయమునకు తరలించిరి. పత్తికొండలో అతని జ్ఞాపకార్థము ఒక బావిని, తోపును ఏర్పఱచిరి. చెన్నపట్టణమున ప్రఖ్యాత శిల్పి ఛాంట్రీ మలచిన అతని అశ్వారూఢ విగ్రహము నెలకొల్పబడెను. వీనియన్నిటికంటె గొప్ప స్మారకము మఱియొకటి. దత్తమండలముల పల్లెలలో పలువురు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి.

మన్రో చేసిన పని సర్వదోషరహితమని తలంపరాదు. మూడవ వంతు పన్నుకూడ ఈ మెట్టనేలకు భారమే. అతని తరువాత వచ్చిన పాలకులు వసూలులో కఠినముగా ప్రవర్తించిరి. పన్ను కొఱకు రైతులను హింసించుచున్నారను ఆరోపణలపై 1855లో ఒక విచారణ సంఘము నివేదిక సమర్పించి, ఆ హింస నిజమేనని తేల్చెను. పరాయి పాలన పరాయి పాలనయే. ఐనను తాను వేసిన పన్ను హెచ్చుగా నున్నదని తానే యొప్పుకొని, దానిని సరిదిద్దుమని వ్రాయుటకు ఒక విధమైన ధైర్యము కావలెను. ఆ ధైర్యము మన్రోకు ఉండెను.

మన చుట్టును నేటికిని తీరని కష్టములు ఎన్నియో కలవు. పూడిక నిండిన చెఱువు, దారి లేని పల్లె, నీరు లేని పాఠశాల. వీనిని గూర్చి నిట్టూర్చుట సులభము. కోపించుట మఱియు సులభము. పొలమునకు పోయి కొలిచి, ఊరివారిని విచారించి, కష్టమెంతయో అంకెలలో చూపి, దానికి తగిన మందును చెప్పి, ఆ మందునకగు ఖర్చును దాచక, ఎదుటివారి సందేహములకు మర్యాదతో సమాధానమిచ్చుట కష్టము. అట్లు వ్రాసిన కాగితము వెంటనే ఫలింపకపోవచ్చును. త్రోసివేసినవారు తమ మార్గమున నడచి, అది చెడిన పిమ్మట, మఱల దానిని వెదకికొని వచ్చు దినము కలదు. సోమందేపల్లి పొలముల గట్లపై నడచునప్పుడు, గుంటల లెక్క విననప్పుడెల్ల, 33 అడుగుల గొలుసుతో నేలను కొలిపించి, ఆ కొలతనే రైతు పక్షమున సాక్ష్యముగా నిలిపిన ఆ పాత నివేదికను మనము స్మరింపవచ్చును.